బడిగంట మోగే లోపు మన ఇంటి పని

జూన్ నెల దగ్గరపడుతోందంటే జిల్లా విద్యాశాఖ కార్యాలయాలకు ఊపిరి సలపదు. పాఠ్యపుస్తకాల లారీలు మండల కేంద్రాలకు చేరాలి, అక్కడినుంచి బడులకు పోవాలి. యూనిఫాం గుడ్డ, బూట్లు, సంచులు లెక్కపెట్టి పంచాలి. ఉపాధ్యాయుల బదిలీలు తేలాలి. ఎండలకు పగిలిన నీళ్లట్యాంకులు, వేసవి సెలవుల్లో మాయమైన కుళాయిలు, మధ్యాహ్న భోజనం వండే పొయ్యిలు, అన్నీ ఒకసారి చూసుకోవాలి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సాధారణంగా జూన్ 12న, లేదా ఒకరోజు అటూ ఇటూగా బడి తెరుస్తారు. ఆ లోపు సర్కారు చేయవలసిన పనుల గురించి పత్రికలు రాస్తాయి, ఉపాధ్యాయ సంఘాలు అడుగుతాయి. అడగవలసిందే. అయితే సర్కారు పని సర్కారుది, మన ఇళ్లలో జరగవలసిన పని మనది. ఈ వారం ఆ రెండో దాని గురించి పాఠకులతో నాలుగు మాటలు చెప్పదలచాము.

ముందు ఖర్చు సంగతి. 2023లో బక్రీదు జూన్ 29న, 2024లో జూన్ 17న, 2025లో జూన్ 7న వచ్చింది. మూడేళ్లపాటు పండుగ ఖర్చూ బడి ఖర్చూ ఒకే నెల మీద పడ్డాయి. చాంద్రమాన సంవత్సరం ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది కాబట్టి ఈ ఇరుకు మెల్లగా తొలగిపోతుంది. కాని కుర్బానీ వాటాకు డబ్బు ముందే పక్కన పెట్టిన ఇంట్లోనే, పిల్లవాడి ఫీజుకు వచ్చేసరికి వడ్డీ వ్యాపారి గుమ్మం తొక్కడం చూస్తున్నాము. కుర్బానీ స్తోమత ఉన్నవారి మీద ఉన్న విధి. లేనివాడు అప్పుచేసి ఇవ్వాలని ఏ ఆలిమూ చెప్పలేదు. వడ్డీ సంగతి ఈ పేజీ పాఠకులకు మళ్లీ చెప్పనక్కరలేదు.

ఖర్చు కంటే కాగితాలు ఎక్కువ ఇబ్బంది పెడుతున్నాయి. దీన్ని చాలామంది చిన్న విషయంగా తీసుకుంటున్నారు గనుక కొంచెం వివరంగా రాస్తున్నాము.

మన పిల్లల పేర్లు చూడండి. షేక్ అన్న ఒక్క మాటను ఇంగ్లీషులో మూడు నాలుగు విధాల రాస్తారు. మహమ్మద్‌ను ఒక కాగితంలో పూర్తిగా రాస్తే మరొకదానిలో రెండక్షరాలకు కుదిస్తారు. మస్తాన్ వలీ ఒకచోట ఒకే మాట, మరొకచోట రెండు మాటలు. ఆడపిల్ల పేరు చివర బీ, బేగం, ఉన్నీసా జనన పత్రంలో ఉంటుంది, ఆధార్ కార్డులో ఉండదు. ఇంటిపేరు గడి వచ్చేసరికి షేక్, సయ్యద్, పఠాన్ ముందుకు వెళతాయి, లేదా వెనక్కి వస్తాయి, లేదా అసలే ఎగిరిపోతాయి. బడిలో చేర్చే రోజున నాన్న పనికి పోయి ఉంటాడు. నానీ చెయ్యి పట్టుకొని తీసుకువస్తుంది. పేరేమిటమ్మా అని అడిగితే ఇంట్లో పిలిచే పేరే చెబుతుంది. మున్నా అని రిజిస్టరులో ఎక్కినవాడు పదేళ్లపాటు మున్నాగానే ఉండిపోతాడు.

దాని ఫలితం ఒకటో తరగతిలో కనిపించదు. పదో తరగతి పరీక్షకు పేర్లు పంపే నాడు కనిపిస్తుంది. ఆధార్‌కు, రిజిస్టరుకు పొంతన కుదరక ఇప్పుడు విద్యార్థులకు ఇస్తున్న అపార్ సంఖ్య రాదు. బీసీ-ఇ ధ్రువపత్రం కోసం మీసేవకు పోతే తండ్రి పేరు వేరుగా ఉందంటారు. 2007 నుంచి అమలులో ఉన్న 4 శాతం రిజర్వేషను కోసం ఎంతమంది ఎన్నేళ్లు తిరిగారో పెద్దలకు గుర్తుంది. అంత శ్రమతో వచ్చిన సీటు ఒక్క అక్షరం తేడా వల్ల కౌన్సెలింగు నాడు చేజారితే ఎవరిని అనాలి? చదువు ముగించి గల్ఫుకు పోదామనుకునే కుర్రవాడికి పాస్‌పోర్టు దగ్గర మళ్లీ అదే కథ.

పుట్టిన తేదీ గురించి కూడా ఒక మాట. మన పాతతరంలో చాలామంది జూన్ నెలలోనే పుట్టినట్టు సర్టిఫికెట్లు చెబుతాయి. బడిలో చేర్చుకోవడానికి వయసు సరిపోవాలని అయ్యవార్లు వేసిన తేదీలవి! ఆ రోజులు పోయాయి. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఆ సంవత్సరం అక్టోబరు 1న గాని, ఆ తర్వాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి ఆధారం. ఆ పిల్లలు ఇప్పుడు చిన్నవారే. వాళ్లు బడి ఈడుకు వచ్చేలోగా పురపాలక సంఘంలోనో పంచాయతీలోనో ఉన్న నమోదులో పేరు ఎక్కించి, అక్షరాలు సరిచూసుకోవాలి. అఖీఖా చేసి పేరు పెట్టిన వారంలోనే ఆ పేరు నమోదు చేయించడానికి ఏం అడ్డం?

ఇంతలో ఎవరూ భయపడి పిల్లను ఇంట్లో కూర్చోబెట్టవద్దు. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు రుజువు లేదని 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను బడి తిప్పి పంపరాదు. టీసీ ఆలస్యమైందనీ తిప్పి పంపరాదు. చదువు మధ్యలో మానేసిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి. కాగితం తర్వాత వస్తుంది. పిల్ల ముందు బడిలో ఉండాలి.

ఆంధ్రప్రదేశ్‌లోని కుటుంబాలు మరొకటి కనుక్కోవాలి. 2022లో 117వ నంబరు జీవో ప్రకారం చాలా ఊళ్లలో 3, 4, 5 తరగతులను దగ్గరి హైస్కూళ్లకు తరలించారు. 2025లో ఆ జీవో రద్దయి, బడుల వర్గీకరణ మళ్లీ మారింది. నిరుడు మీ వీధి బడిలో ఉన్న తరగతి ఈ ఏడూ అక్కడే ఉందో లేదో, ఉర్దూ తరగతి ఏ ప్రాంగణంలో నడుస్తుందో జూన్ మొదటివారంలోనే వెళ్లి అడగండి. తల్లికి వందనం కింద 2025 జూన్‌లో తల్లుల ఖాతాల్లో 13 వేల రూపాయల చొప్పున జమ చేశారు. డబ్బు రాని ఇళ్లలో కొన్నిటికి కారణం తల్లి బ్యాంకు ఖాతాకు ఆధార్ జతకాకపోవడమే. పుట్టింట రాయించిన పేరు ఒకటి, అత్తింట రాయించిన పేరు ఒకటి అయితే బ్యాంకు మాత్రం ఏం చేస్తుంది?

ఇక మాధ్యమం. ఇళ్లలో ఏటా జరిగే వాదమే ఇది. మామయ్య ఇంగ్లీషంటాడు, దాదా ఉర్దూ అంటాడు. తెలుగే ఇంటిభాషగా ఉన్న నూర్‌బాషా కుటుంబాల్లో ఈ వాదమే ఉండదు. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. ఆ వసతిని అడిగి తీసుకోవడం మన బాధ్యత. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ 1947లో ఉస్మానియా కళాశాలను నిలబెట్టారు. ఆయన పేరనే అక్కడ 2016లో ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. హైదరాబాదులో మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం 1998 నుంచి ఉంది. పైన విశ్వవిద్యాలయాలుండి కింద ఉర్దూ ఒకటో తరగతిలో పిల్లలు లేకపోతే రేపు అక్కడ కూర్చునేదెవరు?

ఉర్దూ అంటే మాకు ప్రాణం. అయినా ఒక సంగతి దాచకూడదు. అయ్యవారు లేని ఉర్దూ తరగతి కంటే అయ్యవారున్న తెలుగు తరగతి మేలు. ఉర్దూ పోస్టులు రోస్టరు ప్రకారం కొన్ని వర్గాలకు కేటాయించబడి, ఆ వర్గాల్లో ఉర్దూ తెలిసిన అభ్యర్థులు దొరకక ఖాళీగా మిగలడం రెండు రాష్ట్రాల్లోనూ పాత సమస్యే. దాని మీద వినతిపత్రాలు ఇస్తూనే ఉండాలి. కాని వినతిపత్రం తేలేదాకా పిల్ల వయసు ఆగదు. అలాంటి చోట బడి ఏ మాధ్యమమైనా సరే, ఉర్దూ అక్షరాలు ఫజర్ తర్వాత మక్తబ్‌లో నేర్పించవచ్చు. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీల్లో చదువు వచ్చినవారు మదీనా పిల్లలు పదేసిమందికి రాయడం నేర్పితే అదే వారి విడుదల మూల్యమయిందని సీరత్ గ్రంథాల్లో ఉంది. అక్షరం నేర్పేవాడు మనవాడా పరాయివాడా అని ప్రవక్త (సఅసం) చూడలేదు.

ఆడపిల్లల విషయంలో మా మనసు ఎక్కువ బాధపడుతోంది. అయిదో తరగతి దాకా, వీధి చివరి బడి గనుక, పంపుతాము. హైస్కూలు కిలోమీటరు దూరమైతే ఆలోచన మొదలవుతుంది. ఏడు, ఎనిమిది తరగతులకు వచ్చేసరికి "ఇక చాలులే" అంటారు. ఎవరూ మాన్పించామని చెప్పరు. వేసవి సెలవులకు నానీ ఇంటికి పంపుతారు, జూన్‌లో తిరిగి పిలిపించరు, అంతే. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో అని 2006లో సచార్ కమిటీ తేల్చింది. మన పిల్లలంతా మదర్సాల్లోనే ఉంటారన్న అపోహనూ అదే నివేదిక తుడిచేసింది. మదర్సాల్లో చదివేవారు నూటికి నలుగురికి మించరని అందులో ఉంది.

తల్లిదండ్రుల భయాల్లో కొన్ని న్యాయమైనవే. మరుగుదొడ్డికి తలుపు లేని బడికి పదమూడేళ్ల పిల్లను పంపమనడం మాకూ నోరాడదు. అయితే ఆ తలుపు అడగాలి. నలుగురైదుగురు ఆడపిల్లలను కలిపి ఒకే ఆటోలో పంపాలి. 2004లో మొదలైన కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో నూటికి 75 సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ బాలికలకే. తెలంగాణలో మైనారిటీ గురుకులాలు 2016లో 71తో మొదలై 204 అయ్యాయి. వీటిలో ఖాళీ ఉందా అని అడగడానికి బస్సు ఛార్జీ తప్ప ఖర్చేమీ లేదు.

మగపిల్లలను మరోలా పోగొట్టుకుంటున్నాము. సెలవుల్లో "ఖాళీగా తిరగకుండా" మెకానిక్ షెడ్డులో పెడతారు. వారానికి రెండు మూడు వందలు చేతికి వస్తాయి. జూన్ 12 నాటికి ఆ చేతికి పలక బరువనిపిస్తుంది. 2016లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నేరం. కుటుంబ వృత్తిలో బడివేళ తర్వాత చేయూత ఇవ్వడానికి మాత్రం మినహాయింపు ఉంది. షెడ్డు యజమాని మన పక్క సఫ్‌లో నమాజు చేసేవాడే. ఆయనతో మాట్లాడడం ఏమంత కష్టం?

హిఫ్జ్ చేస్తున్న పిల్లల సంగతీ ఇక్కడే చెప్పాలి. మదర్సాలో చదివి వచ్చినవాళ్లం గనుక ఈ మాట చెప్పే చనువు మాకుంది. 14 ఏళ్లు నిండినవారు ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి రాయవచ్చు. ఖుర్ఆన్ అంతా కంఠస్థం చేసిన బుర్రకు లెక్కల సూత్రాలు భారమా? రోజూ అసర్ తర్వాత ఒక గంట చాలు. అలాగే ఈ వేసవిలో పదో తరగతి తప్పిన పిల్లకు సంబంధాలు వెతకడం మొదలుపెట్టకండి. సప్లిమెంటరీ పరీక్ష అనేది ఉన్నదే అందుకు.

చివరగా బడి యాజమాన్య కమిటీ. చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. పుస్తకాలు వచ్చాయా, ఉర్దూ అయ్యవారు వచ్చారా, తలుపు పెట్టారా అని అడిగే అధికారం ఉన్న కమిటీ అది. మన వీధుల్లో ఆ సమావేశానికి పిలుపు వస్తే "మగవాళ్లు పనికి పోయారు" అని చెప్పి పంపేస్తున్నారు. పిలుపు మగవాళ్లకే కాదని ఇళ్లలో తెలియాలి.

ఏ ఇంట్లో పిల్ల బడికి పోవడం లేదో మండల విద్యాధికారికి తెలియదు, మౌజన్ సాహెబుకు తెలుసు. మస్జిద్ కమిటీలు జూన్ మొదటి జుమా నాడు నమాజు తర్వాత ఒక బల్ల, ఒక నోటు పుస్తకం, చదువుకున్న ఇద్దరు కుర్రవాళ్లను గుమ్మం దగ్గర పెట్టి, ఆ పిల్లల పేర్లు ఆధార్‌లో ఉన్న అక్షరాలతోనే రాయించి, శనివారం పొద్దున ఆ జాబితాను హెడ్‌మాస్టరు చేతికి ఇవ్వవచ్చు. స్త్రీల దగ్గర పేర్లు రాసుకోవడానికి డిగ్రీ చదువుతున్న అమ్మాయిలు ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు.