నెలకు మూడు కార్లేనా?

నెలలో చివరి వారం వచ్చిందంటే గ్రాన్ టురిస్మో 7 ఆడేవాళ్లలో ఒకటే హడావుడి. ఆ గేమ్ సృష్టికర్త కజునోరి యమౌచి సోషల్ మీడియాలో ఒక ఫొటో పెడతారు. అందులో రాబోయే కార్ల నీడలు మాత్రమే కనిపిస్తాయి. పైకప్పు వంపు, వెనకున్న రెక్క చూసి అదేం కారో కనిపెట్టడం అభిమానులకు పెద్ద సరదా. నిమిషాల్లో జవాబులు వచ్చేస్తాయి. ఆ వెంటనే ఫిర్యాదులూ మొదలవుతాయి. ఈసారీ మూడేనా? కొత్త ట్రాక్ ఏది? మేం అడిగిన కారు ఎప్పుడిస్తారు?

ఈ గేమ్ వచ్చింది 2022 మార్చి 4న. అప్పుడు 400కు పైగా కార్లు ఉండేవి. తర్వాత వచ్చిన ఉచిత అప్‌డేట్లతో ఆ సంఖ్య 550 దాటింది. ఒక్కసారి డబ్బు కట్టినవాళ్లకు ఏళ్ల తరబడి కొత్త సరుకు వస్తూనే ఉంది. అయినా అసంతృప్తి ఎందుకు? గేమర్లది అత్యాశ అని కొందరంటారు. కంపెనీలది బద్ధకం అని ఇంకొందరంటారు. నాకు మాత్రం ఈ రెండూ సగం మాటల్లా అనిపిస్తాయి. ప్రతి నెలా ఎదురుచూడటం మనకు నేర్పింది కంపెనీలే. మనం కూడా ‘ఎన్ని వచ్చాయి’ అన్న లెక్కకు అలవాటుపడి, ‘ఏం వచ్చింది’ అని అడగడం తగ్గించేశాం. దానివల్ల నష్టపోతున్నది మనమే.

ఈ అలవాటు ఎక్కడిది?

2005లో వచ్చిన నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్ గుర్తుందా? మనలో చాలామంది దాన్ని ఇంటర్నెట్ సెంటర్లోనో, అన్నయ్య కంప్యూటర్లోనో ఆడినవాళ్లమే. డిస్కులో ఎన్ని కార్లుంటే అన్నే. నెల తిరిగేసరికి కొత్త కారు రాలేదేంటని ఎవరమూ అడగలేదు. అడగొచ్చన్న ఆలోచన కూడా లేదు.

2017 అక్టోబరులో గ్రాన్ టురిస్మో స్పోర్ట్ వచ్చినప్పుడు అందులో 160 పైచిలుకు కార్లే ఉన్నాయి. పాత గేముల్లో వందల కార్లు చూసినవాళ్లకు అది కొరతగా అనిపించింది. విమర్శలు వచ్చాయి. కంపెనీ నెలనెలా ఉచితంగా కార్లు, ట్రాక్‌లు కలుపుతూ పోయింది. చివరికి కార్ల సంఖ్య 300 దాటింది. దాంతో గేమర్లకు ఒక పాఠం అర్థమైంది. విడుదల రోజున చేతికొచ్చేది మొదటి వాయిదా మాత్రమే, మిగతాది తర్వాత వస్తుంది.

2018లో వచ్చిన ఫోర్జా హొరైజన్ 4 ఈ అలవాటును ఇంకా బిగించింది. అందులో వారానికో రుతువు మారుతుంది. 2021 నవంబరులో వచ్చిన హొరైజన్ 5లోనూ అదే పద్ధతి. నాలుగు వారాలకో సిరీస్, వారం వారం కొత్త పోటీలు, వాటిలో పాయింట్లు తెచ్చుకుంటే ప్రత్యేక కార్లు. మన టైమ్ ప్రకారం గురువారం రాత్రి 8 గంటలకు వారం మారుతుంది. టీవీ సీరియల్‌కు టైమ్ ఉన్నట్టే ఆటకూ టైమ్ వచ్చేసింది. ఇన్నేళ్లు ఇలా నడిపాక ఒక నెల ఏమీ రాకపోతే, మనకు రావాల్సిందేదో ఆపేశారని అనిపించడం సహజమే కదా!

ఒక కారు వెనక ఆరు నెలలు

గ్రాన్ టురిస్మో స్పోర్ట్ కాలంలో యమౌచి చెప్పిన ప్రకారం ఒక కారు మోడల్ తయారు చేయడానికి ఒక మనిషికి దాదాపు ఆరు నెలలు పడుతుంది. ఇప్పుడు చిన్న లెక్క వేసి చూడండి. మూడు కార్లంటే 18 నెలల పని. నెలకు మూడు కార్లు రావాలంటే కనీసం 18 మంది ఏడాది పొడవునా అదే పనిలో ఉండాలి. ఇది బొమ్మ గీయడానికి మాత్రమే.

దానికి ముందు కార్ల కంపెనీతో లైసెన్స్ ఒప్పందం కుదరాలి. అసలు కారును అన్ని కోణాల్లో ఫొటోలు తీయాలి, స్కాన్ చేయాలి, ఇంజిన్ శబ్దం రికార్డు చేయాలి. తర్వాత బరువు, టైర్ల పట్టు, గేర్ల లెక్కలన్నీ గేమ్‌లో కూర్చాలి. మిగతా కార్లతో పోల్చి అది మరీ వేగంగానో, మరీ నెమ్మదిగానో లేకుండా సరిచేయాలి. టెస్టర్లు ఆడి తప్పులు పట్టాలి. ఇదంతా అయ్యాక ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ వాళ్ల తనిఖీ దాటాలి. కాబట్టి ఈ నెల మీ చేతికొచ్చిన కారు పని చాలా నెలల క్రితమే మొదలై ఉంటుంది. పోయిన నెల మనం పెట్టిన కామెంట్ చూసి ఈ నెల కారు పంపడం ఎవరివల్లా కాదు.

డబ్బు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి

18 మందికి ప్రతి నెలా జీతాలివ్వాలి. మనం గేమ్ కొన్నది ఒక్కసారే. మన దగ్గర గ్రాన్ టురిస్మో 7 పీఎస్5 డిస్క్ దాదాపు 5 వేల రూపాయలు. ఆ ఒక్క చెల్లింపుతో నాలుగేళ్ల పని నడవాలంటే కష్టం. ఆ లోటును ఎలా పూడ్చుకోవచ్చో 2022 మార్చిలో అందరికీ తెలిసొచ్చింది.

గేమ్ విడుదలైన రెండు వారాలకు 1.07 అప్‌డేట్ వచ్చింది. దాంతోపాటే సర్వర్లు 30 గంటలకు పైగా ఆగిపోయాయి. ఆన్‌లైన్ లేకపోతే ఆ గేమ్‌లో ఎక్కువ భాగం పని చేయదు. డబ్బు పోసి కొన్నవాళ్లు ఒంటరిగా కూడా ఆడుకోలేకపోయారు. తీరా సర్వర్లు తిరిగొచ్చాక చూస్తే కొన్ని రేసుల్లో గెలిస్తే వచ్చే క్రెడిట్లు తగ్గిపోయాయి. అప్పటికే కొన్ని అరుదైన కార్ల ధర కోటి క్రెడిట్లు దాటి ఉంది. 20 లక్షల క్రెడిట్లు అసలు డబ్బుతో కొనాలంటే 20 డాలర్లు. అంటే కోటి క్రెడిట్ల కారుకు 100 డాలర్లు. అమెరికాలో ఆ గేమ్ ధరే 70 డాలర్లు! జనం మండిపడ్డారు. రేటింగ్ సైట్లలో గేమర్లు ఇచ్చే మార్కులు పాతాళానికి పడిపోయాయి. యమౌచి క్షమాపణ చెప్పి, ఆటగాళ్లకు 10 లక్షల క్రెడిట్లు ఉచితంగా ఇచ్చి, ఏప్రిల్ అప్‌డేట్‌లో బహుమతులు పెంచారు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఉచిత అప్‌డేట్ నిజంగా ఉచితం కాదు. దాని ఖర్చు ఎవరో ఒకరి నుంచి ఏదో ఒక రూపంలో వస్తుంది. ఐరేసింగ్ ఈ విషయం దాచుకోదు. 2008 నుంచి అది చందాతోనే నడుస్తోంది. ఏడాదికి నాలుగు సీజన్లు, ప్రతి సీజన్‌కూ అప్‌డేట్. ఎక్కువ కార్లు, ట్రాక్‌లు విడిగా కొనుక్కోవాలి. ఖరీదైన వ్యవహారమే. కానీ దేనికి ఎంత కడుతున్నారో మీకు ముందే తెలుస్తుంది.

ఎఫ్1 గేముల దారి వేరు. ఏటా కొత్త గేమ్, ఏటా కొత్త ధర. పోయినేడాది దానికీ ఇదీ పెద్ద తేడా ఏముందని గేమర్లు ఎప్పటి నుంచో గొణుగుతూనే ఉన్నారు. 2025 నవంబరులో ఈఏ కంపెనీ ఈ పద్ధతికి విరామం ఇచ్చింది. 2026కి విడిగా గేమ్ ఉండదనీ, ఎఫ్1 25కే కొత్త సీజన్‌ను డబ్బు కట్టి తీసుకునే అదనపు భాగంగా ఇస్తామనీ, తర్వాతి పూర్తి గేమ్ 2027లో వస్తుందనీ ప్రకటించింది. అసలు ఎఫ్1లోనే 2026లో కార్ల నిబంధనలు పూర్తిగా మారాయి. అలాంటి ఏడాదిలో హడావుడిగా కొత్త పెట్టె అమ్మకుండా సమయం తీసుకోవడం నా ఉద్దేశంలో మంచి నిర్ణయమే. ఆ అదనపు సమయంలో ఏం బాగుచేశారో 2027లో చూసి మార్కులు వేద్దాం.

లెక్కకు దొరికేవే వస్తాయి

కార్లు లెక్కపెట్టడం తేలిక. మూడు, ఐదు, ఏడు అని పోస్టర్ మీద వేసుకోవచ్చు. కంప్యూటర్ నడిపే ప్రత్యర్థి కార్లు తెలివిగా నడవడం, ఆన్‌లైన్ రేసులో పెనాల్టీలు న్యాయంగా పడటం, స్టీరింగ్ పట్టుకుంటే రోడ్డు చేతికి తెలియడం... వీటిని పోస్టర్ మీద ఎలా వేస్తారు? మనం సంఖ్యనే అడుగుతుంటే కంపెనీ సంఖ్యకే మనుషుల్ని పెడుతుంది.

ఫోర్జా మోటార్‌స్పోర్ట్ కథ చూడండి. 2023 అక్టోబరు 10న విడుదలైంది. ఆ తర్వాత నెలనెలా అప్‌డేట్లు వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో ప్రసిద్ధ నర్బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ్ ట్రాక్ కూడా వచ్చింది. క్యాలెండర్ ప్రకారం చూస్తే వంక పెట్టడానికి లేదు. కానీ జనం మొదటి రోజు నుంచీ మొత్తుకున్నది వేరే విషయం గురించి. ఒక కారుకు కొత్త విడిభాగాలు బిగించాలంటే ముందు ఆ కారును గంటల తరబడి నడిపి లెవల్ పెంచాలి. కారు మారిస్తే మళ్లీ మొదటికి. ఆ పద్ధతి మారింది 2024 మార్చిలో, అంటే విడుదలైన ఐదు నెలలకు. అప్పటికే చాలామంది వెళ్లిపోయారు. 2025 జులైలో మైక్రోసాఫ్ట్ దాదాపు 9 వేల ఉద్యోగాలు తగ్గించినప్పుడు, ఈ గేమ్ చేసిన టర్న్ 10 స్టూడియోకూ గట్టి దెబ్బ తగిలింది. గేమ్‌కు కొత్త కంటెంట్ ఆగిపోయింది. అప్‌డేట్లు తక్కువై ఆ గేమ్ దెబ్బతినలేదు. జనం అడిగింది సమయానికి ఇవ్వలేకపోవడం వల్ల దెబ్బతింది.

అలాగని లోతైన మార్పులు వేగంగా చేయమంటే అదీ ప్రమాదమే. 2024 జులైలో గ్రాన్ టురిస్మో 7లో కార్ల కదలిక లెక్కలను సవరించారు. అప్‌డేట్ వేసుకున్నాక కొన్ని కార్లు రోడ్డు మీద నిలవకుండా కప్పల్లా గాల్లోకి ఎగిరాయి. వీడియోలు చూసి అందరం నవ్వుకున్నాం. కంపెనీ కొద్ది రోజుల్లోనే సరిచేసింది. కోడ్ రాసిన ఎవరికైనా ఇది తెలిసిన బాధే. ఒకచోట బిగిస్తే ఇంకోచోట ఊడుతుంది.

ఆగిపోయిన రోజు ఏమవుతుంది?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది. మనం అడగడం మర్చిపోతున్నదీ ఇదే. ఏ గేమ్‌కైనా చివరి అప్‌డేట్ ఒకటుంటుంది. ఆ మర్నాడు మన దగ్గర ఏం మిగులుతుంది?

2014లో వచ్చిన యుబిసాఫ్ట్ గేమ్ ద క్రూ సర్వర్లను 2024 మార్చి 31న ఆపేశారు. ఆన్‌లైన్ లేకుండా నడవని గేమ్ కాబట్టి, కొన్నవాళ్లు ఒంటరిగా ఆడుకునే వీలు కూడా లేకుండా పోయింది. రాస్ స్కాట్ అనే అమెరికా యూట్యూబర్ ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం మొదలుపెట్టింది దీని తర్వాతే. దాని తరఫున యూరోపియన్ యూనియన్‌కు పెట్టిన అర్జీపై సంతకాలు 2025 జులైలో 10 లక్షలు దాటాయి. ఒత్తిడి పెరగడంతో యుబిసాఫ్ట్ తన తర్వాతి గేమ్ క్రూ 2ను ఆఫ్‌లైన్‌లోనూ ఆడుకునేలా మార్చింది.

అందరూ అలా వదిలేయలేదు. గ్రాన్ టురిస్మో స్పోర్ట్ ఆన్‌లైన్ సేవలు 2024 జనవరి 31న ముగిసినా, ఒంటరిగా ఆడే భాగం మిగిలే ఉంది. లైసెన్సులు ముగియడంతో ఫోర్జా హొరైజన్ 4ను 2024 డిసెంబరు 15న అమ్మకం నుంచి తీసేశారు. అప్పటికే కొన్నవాళ్లు మాత్రం ఇప్పటికీ ఆడుకోవచ్చు. ఈ నెల కార్లు మూడా, నాలుగా అన్నదానికన్నా ఈ తేడా మీ 5 వేల రూపాయలకు చాలా ముఖ్యం.

కొనేముందు ఇవి చూడండి

రేసింగ్ గేమ్ కొనాలనుకుంటే మూడు విషయాలు గమనించండి. మొదటిది, ఇప్పుడు ఉన్నదానికి ఆ ధర పెట్టొచ్చా? రేపు వస్తుందన్న మాటకు ఈరోజు డబ్బు కట్టొద్దు. రెండోది, గత ఆరు నెలల అప్‌డేట్ వివరాలు చదవండి. కొత్త కార్లు ఎన్ని అని కాదు, పాత తప్పులు ఎన్ని దిద్దారో చూడండి. మూడోది, నెట్ తీసేస్తే గేమ్ నడుస్తుందా, లేదా?

ఫిర్యాదు చేయడం మానేయమని నేను చెప్పను. గట్టిగా అడిగితేనే 2022 ఏప్రిల్‌లో బహుమతులు పెరిగాయి, క్రూ 2కు ఆఫ్‌లైన్ వచ్చింది. ‘ఇంకా ఇవ్వండి’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘ఫలానా ట్రాక్‌లో ఫలానా మలుపు దగ్గర తప్పు లేకపోయినా పెనాల్టీ పడుతోంది’ అంటే దాన్ని దిద్దగల మనిషి ఒకరుంటారు.

రేపు ఆ మనిషి మీరే కావచ్చు. ఈఏకి హైదరాబాద్‌లో, యుబిసాఫ్ట్‌కు పుణెలో, రాక్‌స్టార్‌కు బెంగళూరులో కార్యాలయాలున్నాయి. గేమ్ విడుదలయ్యాక దాన్ని నడిపే పనిని లైవ్ ఆప్స్ అంటారు. టెస్టింగ్, సర్వర్ల నిర్వహణ, ఆటగాళ్ల డేటా విశ్లేషణ, త్రీడీ మోడలింగ్ అన్నీ అందులో ముడిపడి ఉంటాయి. ఈ రంగంలోకి రావాలనుకుంటే ఒక చిన్న గేమ్ తయారు చేసి పది మంది స్నేహితులకు ఇవ్వండి. మూడు నెలల పాటు, రెండు వారాలకో అప్‌డేట్ తప్పకుండా ఇస్తూ, ఏం మార్చారో రాసిపెట్టండి. ఇంటర్వ్యూలో చూపించడానికి అంతకంటే మంచి ప్రాజెక్టు దొరకదు. మూడో అప్‌డేట్ దగ్గరకు వచ్చేసరికి ‘ఇంతేనా?’ అని ఒక స్నేహితుడు అడగకమానడు. ఆ రాత్రి మీకు రెండు వైపులా ఏముందో తెలిసొస్తుంది.