లేని సొమ్ముకు హారతి, ఉన్న గనికి తాళం

మన పత్రికలకు వ్యాపారాధిపతుల జీవితచరిత్రలంటే మహా మోజు. పల్లెటూరి పుట్టుక, అమెరికా చదువు, చిన్న మొదలు, చివరికి న్యూయార్కు: ఇదీ ఆ పురాణంలో అధ్యాయాల వరుస. 2009 జనవరి 7 దాకా బి. రామలింగరాజు ఆ పురాణంలో ఒక అవతార పురుషుడు.

1954లో పుట్టి, ఒహాయో విశ్వవిద్యాలయంలో వ్యాపార నిర్వహణ చదివిన రాజు 1987లో సత్యం కంప్యూటర్స్ స్థాపించాడు. 2001లో ఆ కంపెనీ న్యూయార్కు స్టాకు ఎక్స్ఛేంజి కెక్కింది. 2008 సెప్టెంబరులో, ఉత్తమ నిర్వహణకుగాను బంగారు నెమలి పురస్కారం కూడా అందుకుంది! నాలుగు నెలలు తిరగకముందే రాజు తానే లేఖ రాసి ఒప్పుకున్నాడు: 2008 సెప్టెంబరు 30 నాటి పద్దుల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవు. ఆ మూడు నెలలకు 649 కోట్లని చూపిన నిర్వహణ లాభం నిజానికి 61 కోట్లే.

పత్రికలు వెంటనే రాగం మార్చాయి. దేవుడు దయ్యమయ్యాడు, తప్పంతా ఒక్క మనిషి దురాశదే అన్నారు. ఇది కూడా వ్యక్తిపూజే, తలకిందులుగా నిలబెట్టిన వ్యక్తిపూజ. మూడు నెలలకొకసారి లాభం పెరిగి తీరాలని శాసించే వాటాల బజారు మాటేమిటి? ఆ పద్దుల మీద సంతకాలు పెట్టిన ప్రైస్ వాటర్‌హౌస్ మాటేమిటి? 2008 డిసెంబరులో, రాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొందామంటే తలలూపిన పండిత డైరెక్టర్ల మాటేమిటి? (సత్యం పేరును ఇంగ్లీషులో తిరగరాస్తే మేటాస్. అయినా ఎవరికీ అనుమానం రాలేదు కాబోలు!) ఆ బేరాన్ని ఆపింది డైరెక్టర్ల అంతరాత్మ కాదు, మదుపుదార్ల ఆగ్రహం.

108 అంబులెన్సులు ప్రారంభించాడు గదా అనే మిత్రులున్నారు. నిజమే, అవి ప్రాణాలు నిలబెట్టాయి. కాని రాజు జైలుకెళ్ళినా ఆ బళ్ళు ఆగలేదే! వాటిని నడిపింది ప్రధానంగా ప్రజాధనం. కీర్తి మాత్రం దాత ఖాతాలో జమపడింది.

ఇక గుడుపల్లెకు రండి. సత్యం న్యూయార్కు కెక్కిన ఆ 2001లోనే భారత్ గోల్డ్ మైన్స్ మూతపడింది. దానితోపాటు ఈ మండలంలోని బిసానత్తం, చిగురుగుంట గనులూ మూతపడ్డాయి. నష్టం వస్తోందన్నారు. ఆనాటి బంగారం ధరకు తవ్వకం ఖర్చు గిట్టుబాటు కాలేదన్నది అబద్ధం కాదు. కాని రాయిలో బంగారం ఉంది, దాన్ని తీయడం తెలిసిన చేతులున్నాయి. ధర మారవచ్చుననే పాటి ఆలోచన కూడా ప్రభుత్వానికి లేకపోయింది. (తరువాత ధర ఎక్కడికి పోయిందో పెళ్ళికి పుస్తె కొన్న ప్రతివాడికీ తెలుసు.) లేని లాభం రాసిన చిట్టాకు ఏళ్ళ తరబడి జేజేలు, ఉన్న నష్టం రాసిన చిట్టాకు తాళం.

తేడా అక్కడితో ఆగలేదు. సత్యం కూలగానే కేంద్ర ప్రభుత్వం రోజుల్లో పాత బోర్డును తొలగించి కొత్తవారిని నియమించింది. 2009 ఏప్రిల్‌లోనే టెక్ మహీంద్రా చేతికి కంపెనీ చేరింది. వేలాది ఉద్యోగాలు నిలిచాయి, నిలవవలసిందే. రాజుకు 2015 ఏప్రిల్ 9న ఏడేళ్ళ శిక్ష పడింది. మరుసటి నెలలోనే బెయిలు దొరికింది. భారత్ గోల్డ్ మైన్స్ కార్మికులు మాత్రం తమ బకాయిల కోసం ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. వాళ్ళ జీవితచరిత్ర ఏ పత్రికా అచ్చువేయలేదు.