కెమికల్ ఇంజినీర్ జీతం, బ్యాంకు వాయిదా: లెక్క ఎక్కడ తేడా కొడుతోంది?

విద్యారుణం తీసుకుని బీటెక్ చదివిన విద్యార్థికి కోర్సు పూర్తయ్యాక బ్యాంకులు ఇచ్చే వెసులుబాటు ఒక సంవత్సరం. అప్రెంటిస్‌గా కెమికల్ ప్లాంటులో చేరే గ్రాడ్యుయేట్‌కు శిక్షణ కాలం కూడా సాధారణంగా ఒక సంవత్సరమే. రెండూ దాదాపు ఒకేసారి ముగుస్తాయి. అప్పటి నుంచి వాయిదా కట్టడం తప్పనిసరి. శిక్షణ ఇచ్చిన కంపెనీ ఉద్యోగం ఇవ్వడం మాత్రం తప్పనిసరి కాదు. ఉద్యోగం ఇచ్చే విధానాన్ని కంపెనీయే రూపొందించుకోవాలని అప్రెంటిస్ చట్టం చెబుతోంది.

అప్రెంటిస్‌కు ఎంత ఇస్తారు? 2019లో సవరించిన నిబంధనల ప్రకారం గ్రాడ్యుయేట్‌కు కనీస స్టైపెండ్ నెలకు 9,000 రూపాయలు. దీన్ని 36 శాతం పెంచాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025 మేలో సిఫార్సు చేసింది. ఆ లెక్కన పెరిగినా దాదాపు 12,300 దగ్గర ఆగుతుంది.

ఇప్పుడు అప్పు వైపు చూద్దాం. ఏటా లక్షన్నర చొప్పున నాలుగేళ్లలో 6 లక్షల రుణం, వడ్డీ 10 శాతం అనుకుందాం. చదువుకునే కాలానికీ, ఆ తర్వాతి ఏడాదికీ సాధారణ వడ్డీ లెక్కగట్టినా 2 లక్షల 10 వేలు అవుతుంది. అంటే మొదటి వాయిదా కట్టే నాటికి బాకీ 8 లక్షల 10 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 10,700. పదిహేనేళ్లకు పెట్టుకుంటే 8,700కు తగ్గుతుంది కానీ, మొత్తం కట్టేది 15 లక్షల 60 వేలు దాటుతుంది. ఏదో బల్క్‌డ్రగ్ కంపెనీలో ట్రైనీగా చేరి నెలకు 22 వేలు చేతికి అందుకుంటున్న కుర్రాడికి పదేళ్ల వాయిదా అంటే జీతంలో దాదాపు సగం. మిగిలిన దాంట్లోనే గది అద్దె, మెస్సు, ఇంటికి పంపేది.

జీతాలు ఎందుకు ఇలా ఉన్నాయంటే చాలామంది ‘డిమాండ్ లేదు’ అంటారు. అది పూర్తి నిజం కాదు. పరవాడ, అచ్యుతాపురం, పాశమైలారం నుంచి గుజరాత్‌లోని దహేజ్, అంకలేశ్వర్ దాకా ప్లాంట్లకు మనుషులు కావాలి. కానీ రియాక్టర్ల దగ్గర షిఫ్టు నడపడానికి కెమికల్ ఇంజినీరే కావాలని చాలా యాజమాన్యాలు అనుకోవు. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసినవారు, డిప్లొమా వారు అదే పనికి పోటీలో ఉంటారు. డిగ్రీకి నాలుగేళ్లూ లక్షలూ ఖర్చుపెట్టినవారికీ, పెట్టనివారికీ మొదటి జీతంలో పెద్ద తేడా కనిపించకపోవడానికి కారణం అదే. తేడా వచ్చేది ప్రాసెస్ డిజైన్, స్కేలప్, సేఫ్టీ విభాగాల్లోకి మారాక. అది మూడు నాలుగేళ్ల తర్వాతి మాట. బ్యాంకు అంతకాలం ఆగదు.

ఆ తొలి ఏళ్లలో ఇంకో బరువు కూడా ఉంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా కంపెనీలో జరిగిన పేలుడులో 17 మంది చనిపోయారు. వారిలో యువ ఇంజినీర్లూ ఉన్నారు. ఇంత ప్రమాదం ఉన్న పనికి తగిన ధర జీతంలో కనిపించాలి. కనిపించడం లేదు.

ప్రభుత్వ సాయం లేకపోలేదు. 2024 నవంబర్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో 8 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాలకు 10 లక్షల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. అయితే అది దేశంలో ర్యాంకులున్న 860 సంస్థలకే మొదలైంది. వరంగల్ నిట్ విద్యార్థికి అందుతుంది. జిల్లా కేంద్రం బయట ఉన్న ఓ మామూలు ప్రైవేటు కాలేజీలో చదివే వాడికి అందదు. నిజానికి తక్కువ జీతంతో మొదలయ్యేది ఈ రెండోవాడే. తెలంగాణలో ఎప్‌సెట్ ర్యాంకు 10 వేలు దాటితే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు 35 వేల పరిమితి చాలా కాలంగా ఉంది. కాలేజీ ఫీజు అంతకన్నా ఎక్కువైతే తేడా, హాస్టల్ ఖర్చు ఇంటివాళ్లవే. మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవారి సంగతి చెప్పనక్కర్లేదు.

ఈ లెక్క నుంచి బయటపడేవారు రెండు దారులు చూస్తారు. ఒకటి గేట్. ఇండియన్ ఆయిల్ వంటి సంస్థలో ఇంజినీర్‌గా చేరితే మూలవేతనమే 50 వేలతో మొదలవుతుంది. ఓఎన్‌జీసీలో 60 వేలు. అక్కడ 10,700 వాయిదా పెద్ద విషయమే కాదు. కానీ సీట్లు వందల్లో ఉంటే, పోటీపడేవారు వేలల్లో. పైగా ఏడాది కోచింగ్‌కు కూర్చుంటే వెసులుబాటు కాలం అందులోనే కరిగిపోతుంది.

రెండోది అమెరికా. అక్కడ కెమికల్ ఇంజినీర్ల మధ్యస్థ వేతనం 2024 మే నాటికి ఏడాదికి 1,21,860 డాలర్లు. కన్సల్టెన్సీల బ్రోచర్లకు ఇలాంటి అంకెలంటే ఇష్టం. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవారినీ కలుపుకొన్న లెక్క అది, కొత్తగా ఎంఎస్ పూర్తిచేసినవారిది కాదు. ఇక్కడ 40 లక్షల రుణం 11 శాతానికి తీసుకుంటే, చదువుకాలం వడ్డీ కలపకుండానే పదేళ్ల వాయిదా 55 వేలు. ఓపీటీ, స్టెమ్ పొడిగింపు కలిపినా మూడేళ్లే. ఆ లోపు హెచ్1బీ రాకపోతే అదే వాయిదాను భారత్‌లో, రూపాయల జీతంతో కట్టాలి.

వాయిదాను ఆదాయంతో ముడిపెట్టడం దీనికి సూటైన పరిష్కారం. బ్రిటన్‌లో నిర్ణీత ఆదాయం దాటేదాకా విద్యార్థి తిరిగి కట్టనక్కర్లేదు. మన దగ్గర జీతం ఎంతైనా వాయిదా ఒకటే. కనీసం అప్రెంటిస్‌గా ఉన్న కాలాన్ని వెసులుబాటులోంచి మినహాయించినా పరిశ్రమకు మనుషులు దొరుకుతారు, బ్యాంకుకు మొండి బాకీలు తగ్గుతాయి.

ప్రస్తుతానికి కుటుంబాల చేతిలో ఉన్నది ఒక్కటే: చదువుతున్నప్పుడే వడ్డీ కడుతూ పోవడం. పైన చెప్పిన రుణానికి అది మొదటి ఏడాది నెలకు 1,250, నాలుగో ఏడాదికి 5,000. అలా కట్టగలిగితే పదేళ్ల వాయిదా 10,700 నుంచి 7,900కు దిగుతుంది. సకాలంలో వడ్డీ కట్టేవారికి ఒక శాతం దాకా రాయితీ ఇచ్చే వీలు కూడా బ్యాంకుల సంఘం నమూనా పథకంలో ఉంది. రుణ పత్రాలపై సంతకం పెట్టేటప్పుడే దాని గురించి మేనేజర్‌ను అడగాలి.