సముద్రపు గాలి చేసిన నేరమేమి?



మా నెల్లూరు తీరంలో కంప్యూటరు చెడిపోతే దోషి ఎవరో విచారణకు ముందే తేలిపోతుంది. మైపాడులో గాని, ఇసకపల్లిలో గాని, తుమ్మలపెంటలో గాని ఎవరి హార్డు డిస్కు మూలబడినా, పట్నంలోని దుకాణంవారు పెట్టె మూత విప్పకుండానే చెప్పే మాట ఒకటే. "మీది సముద్రం పక్కన ఊరు గదా సార్. ఉప్పుగాలి. డిస్కు మార్చాల్సిందే." నేరారోపణ, తీర్పు, శిక్ష అన్నీ అందులోనే అయిపోతాయి. జుల్మానా మాత్రం మనం కట్టుకోవాలి. కొన్నాళ్లకు కొత్త డిస్కూ పోతుంది. మళ్లీ అదే గాలి, అదే తీర్పు, అదే జుల్మానా. ఈ టపా ఆ తీర్పు మీద నేను చేసుకుంటున్న అప్పీలు. ముప్పై యేళ్లు తెలుగు పాఠం చెప్పుకున్నవాడికి ఈ యంత్రాల గొడవ ఎందుకని మీలో కొందరు నవ్వుకోవచ్చు. ఎందుకో చెబుతాను.

నాతోపాటు ఉద్యోగం చేసిన మిత్రుడొకాయన తీరాన ఒక చిన్న ఊళ్లో స్థిరపడ్డారు. పేరు రాయడం ఆయనకు ఇష్టం లేదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయ పదాలతో వెలువరించిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని ఆయన పారాయణ గ్రంథంలాగ చదివినవారు. ఆ ఒరవడిలో మా తీరపు బెస్తల మాటలను పోగుచేయడానికి 2006లో పూనుకున్నారు. వలల్లో రకాలు, ఒక్కొక్క వలలోని భాగాలు, తెప్ప కట్టే ముడులు, గాలులకూ ఆటుపోట్లకూ వాళ్లు పెట్టుకున్న పేర్లు, ఒకే చేపకు పిల్లగా ఉన్నప్పుడొకటి ఎదిగాక ఒకటి చొప్పున ఉన్న పేర్లు. సాయంత్రాలు ఇసుకలో కూర్చొని ముసలివాళ్లచేత చెప్పించుకొని నోటు పుస్తకాల్లో రాసుకొని, ఆ తర్వాత యూనికోడులో ఎక్కించుకున్నారు.

2017లో మొదటి డిస్కు పోయింది. పుస్తకాలున్నాయి గనుక మళ్లీ ఎక్కించారు. 2019లో రెండోది పోయింది. మళ్లీ ఎక్కించారు. 2021 నవంబరు వరదల్లో ఆ నోటు పుస్తకాలున్న ట్రంకుపెట్టెలోకి నీళ్లు చేరి, కాగితం ముద్దయింది. అప్పుడు దుకాణంవారు ఒక ఉపాయం చెప్పారు: అదే పెట్టెలో రెండో డిస్కు బిగించి, మొదటిదానికి నకలుగా ఉంచమని. అలాగే చేయించారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వెళ్లిపోయిన తర్వాత కరెంటు తిరిగివచ్చిన సాయంత్రం, ఆ రెండు డిస్కులూ ఒక్కసారే పోయాయి. ఆ మాటలు చెప్పినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు.

"సముద్రం ఇచ్చిన మాటలు సముద్రమే తీసుకుపోయిందిలే మాస్టారూ" అన్నారాయన నాతో. ఆ వాక్యం ఎంత అందంగా ఉందో అంత అబద్ధం. నా కోపమంతా దాని మీదనే. దుకాణంవాడు అజ్ఞానంతో అన్నమాటను మనం కవిత్వం చేసి తలకెత్తుకుంటున్నాం. కవిత్వమయ్యాక దాన్ని ఎవరూ పరీక్షించరు.

పరీక్షించడానికి మన దగ్గర సాధనం లేకపోలేదు. తర్కసంగ్రహం చదివిన ప్రతివాడికీ అన్వయవ్యతిరేకాలు తెలుసు. కారణమున్నచోట కార్యముండాలి, కారణం లేనిచోట కార్యం ఉండకూడదు. సముద్రపు గాలియే కారణమైతే తీరంలో ఇంటింటా డిస్కులు ఇలాగే రాలిపోవాలి. మా ఇంట్లో కూర్చుంటే కెరటాల చప్పుడు వినబడుతుంది. నేను 2014లో కొన్న డిస్కు ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఇక సముద్రానికి ఇరవై కిలోమీటర్లకు పైగా ఎడంగా ఉన్న నెల్లూరు పట్నం నడిబొడ్డులో కూడా డిస్కులు పోతున్నాయి. పోకుంటే ఆ దుకాణం ఎలా నడుస్తుంది? తుఫాను వచ్చింది, డిస్కు పోయింది, కనుక తుఫానే కారణమనడం కాకతాళీయాన్ని కార్యకారణంగా పొరబడడం. పైగా రెండు డిస్కులు ఒకే నిమిషంలో పోయాయి. తుప్పు అంత సమయపాలనతో పనిచేయదు.

లెక్క కూడా చూడండి. 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ సుమారు లక్ష డిస్కుల చరిత్ర పరిశీలించారు. తయారీదారుల పత్రాల ప్రకారం ఏడాదికి నూటికి ఒకటికన్న తక్కువ పోవాలి. నిజానికి మార్చవలసి వచ్చినవి సాధారణంగా నూటికి 2 నుంచి 4, కొన్నిచోట్ల 13 దాకా ఉన్నాయి. నూటికి 3 అనుకుందాం. వేటికవిగా మూడు డిస్కులు, కొన్న ఏడాదిలోనే వరుసగా పోవడానికి ఉన్న అవకాశం 10 లక్షలకు 27. ఏడాది బదులు రెండేళ్లని సడలించుకున్నా 10 లక్షలకు రెండువందల పైచిలుకే. ఒకే సరుకులో వచ్చిన డిస్కులకు ఒకే లోపం ఉండవచ్చు కదా అంటే, నిజమే, ఉండవచ్చు. కాని మా మిత్రుడివి వేరువేరు సంవత్సరాల్లో, వేరువేరు కంపెనీలవి. ఒక డిస్కు పోతే డిస్కును అనుమానించడం న్యాయం. వరుసగా నాలుగు పోతే, మారకుండా ఉండిపోయింది ఏదో దాన్ని చూడాలి. ఆ ఇంట్లో మారనివి పెట్టె, దానిలోని ఎస్‌ఎంపీఎస్, గోడలోని కరెంటు.

ఇంతకూ సముద్రపు గాలి పూర్తిగా నిర్దోషి అని నా వాదం కాదు. హార్డు డిస్కు గాలి చొరబడని డబ్బా అని చాలామంది నమ్మకం. మామూలు డిస్కు మూతకు ఒక సన్నని రంధ్రం ఉంటుంది, లోపలివైపు దానికి వడపోత ఉంటుంది. లోపలి గాలి పీడనం బయటి పీడనంతో సమం కావడానికి అది అవసరం. హీలియం నింపి పూర్తిగా మూసిన డిస్కులు 2013 నుంచి వచ్చాయి గాని అవి మొదట్లో పెద్ద సంస్థల కోసం తయారైనవి. లోపల పళ్లెం మీద చదివే ముల్లు ఎగిరే ఎత్తు కొన్ని నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో వేల వంతుల్లో ఒక వంతు. అక్కడికి ఉప్పు చేరితే డిస్కు బతకదు. కాని ఆ వడపోత ఉండగా అంత సులువుగా చేరదు. ఉప్పు తడి పట్టేది బయట: డిస్కు అడుగున ఉన్న పలక మీద, తీగల కొనల్లో, ఫ్యానులో, ఎస్‌ఎంపీఎస్‌లో, అన్నిటికన్న ముందు నేలలో పాతిన ఎర్తు గొట్టం మీద. అంటే గాలి నేరం చేసినా అది చేసిన చోటు వేరు. డిస్కు మార్చితే ఆ చోటికి చికిత్స జరగదు.

ఇందుకు లోకప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటుంది. ఫుజిత్సు వారి ఎంపీజీ వరుస డిస్కులు 2002 నాటికి పెద్ద సంఖ్యలో చెడిపోయాయి. అక్కడ తేమ నిజంగానే భాగస్వామి. అయితే పళ్లేలు బాగానే ఉన్నాయి. పలక మీది ఒక చిప్పుకు తొడుగుగా పోసిన పదార్థంలో ఎర్ర భాస్వరం కలిసింది. వేడికి, తేమకు అది మార్పుచెంది చిప్పు కాళ్ల మధ్య కరెంటు పారనిచ్చింది. తేమ ఉన్న ఊళ్లో అంతే లెమ్మని ఊరుకొని ఉంటే ఆ చిప్పు సంగతి ఎన్నటికీ బయటపడేది కాదు.

మా మిత్రుడి ఇంట్లో మేమూ విప్పి చూశాం. నాకు తోడు ఆ ఊరి ఎలక్ట్రీషియను కుర్రవాడు, ఒకప్పుడు నా దగ్గర సంధులు తప్పుగా విడదీసి చీవాట్లు తిన్నవాడు. వాడి మల్టీమీటరు, నా నోటు పుస్తకం. ఊరి చుట్టూ రొయ్యల గుంటలు. రాత్రివేళ నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది గనుక ఏరేటర్లు పొద్దుగూకాక తిరుగుతాయి. అవి అందుకోగానే 230 ఉండవలసిన వోల్టేజి 170కి జారింది. ఆగినప్పుడు 250 దాటింది. సరిగ్గా మా మిత్రుడు టైపు చేసుకునే వేళ అది. ఎర్తు గొట్టాన్ని తవ్వితే నేలమట్టానికి జానెడు కింద తుప్పుపట్టి తెగిపోయి ఉంది, ఇదీ సముద్రపు గాలి వాటా. ఇన్వర్టరు వెనుక ఒక చిన్న మీట ఉంటుంది. ఫ్యాన్లకు, దీపాలకు ఒక స్థానం, కంప్యూటరుకు ఒక స్థానం. అది కొన్ననాటినుంచి ఫ్యాన్ల స్థానంలోనే ఉంది, బిగించి వెళ్లినవారు ఆ సంగతి చెప్పనే లేదు. ఆ స్థానంలో ఇన్వర్టరు కరెంటు మార్చుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది, దీపం రెప్పవేస్తే కంప్యూటరు చతికిలబడుతుంది. చివరికి ఎస్‌ఎంపీఎస్ విప్పితే మూడు కెపాసిటర్లు పొంగిన పూరీల్లాగ ఉబ్బి ఉన్నాయి. పసుపు తీగలో 12 వోల్టులుండాలి, 11.4 దాకా తగ్గినా ఓర్చుకుంటుంది. డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణాన మాకు కనిపించింది 10.8.

వ్యతిరేకం కూడా చూడాలి గదా. నా దగ్గర పనికిరాని పాత డిస్కొకటి ఉంటే తెచ్చి అదే పెట్టెలో నెలరోజులు నడిపాం. డిస్కు తన ఆరోగ్యాన్ని తానే అంకెల్లో రాసుకుంటుంది. చాలా డిస్కుల్లో 5, 197 అన్న వరుసలు పళ్లెం చెడును చెబుతాయి. 199 తీగ చెడును చెబుతుంది. 192 కరెంటు హఠాత్తుగా పోయిన సార్లను లెక్కపెడుతుంది. నెల తర్వాత 5, 197 సున్నలుగానే ఉన్నాయి. 192 మాత్రం 3 నుంచి 41కి ఎక్కింది. 2024 ఫిబ్రవరిలో ఎస్‌ఎంపీఎస్ మార్చి, కొత్త ఎర్తు గుంత తవ్వించి, మీట తిప్పి, చిన్న యూపీఎస్ పెట్టాం. సముద్రాన్ని ఎక్కడికీ జరపలేదు. ఆ అంకె అప్పటినుంచి కదలలేదు.

ఇంకొక మాట. "టక్ టక్ మంటే డిస్కు చచ్చినట్టే" అని దుకాణాల్లో ఒక సూత్రం చలామణిలో ఉంది. కరెంటు చాలక తిరగలేనప్పుడు కూడా అదే చప్పుడు చేసే డిస్కులున్నాయి. గీచుకుపోయే చప్పుడైతే వెంటనే ఆర్పేయాలి, సందేహం లేదు. కాని టక్కుటక్కు విన్నంతనే శవసంస్కారానికి సిద్ధపడకుండా వేరే మంచి పెట్టెలో ఒక్కసారి పరీక్షించమని ఎందుకు చెప్పరు? మరొకరు డిస్కును ఫ్రీజరులో పెట్టమంటారు. మా ఊళ్లో ఫ్రీజరులోంచి తీసిన చెంబుకు అర నిమిషంలో చెమటపడుతుంది. అదే చెమట పలక మీద పడితే ఉన్న ప్రాణం కూడా పోతుంది. ఇక వారంటీ. వారంటీ డిస్కుకే గాని అందులోని అక్షరానికి కాదు. చెడిన డిస్కు తీసుకొని వాళ్లిచ్చేది చాలాసార్లు మరొకరు వాపసిచ్చినదాన్ని బాగుచేసింది. మా మిత్రుడు ఆ రెండు డిస్కుల్లో ఒకదాన్ని ఇలాగే ఇచ్చేశారు, తీర్పు నమ్మి. అందులో పాడయింది పలక మాత్రమే అయి ఉండవచ్చు. మాటలు పళ్లెం మీద చెక్కుచెదరకుండా ఉండి ఉండవచ్చు. తప్పుడు నిదానం వల్ల డబ్బు పోవడం చిన్న నష్టం. వెదకవలసిన వస్తువును మన చేతులతోనే పారేయిస్తుంది అది.

నకళ్ల సంగతి మన పూర్వులకు ఎవరూ నేర్పనక్కరలేదు. తాటాకుకు పురుగూ, తడీ, అగ్గీ శత్రువులని తెలిసే తరతరాలుగా తిరగరాసుకున్నారు, ఊరూరా దాచుకున్నారు. తిరగరాసేవారు కరవైనవి పోయాయి. ఎఱ్ఱన రామాయణం మనకు దక్కలేదు. సి.పి. బ్రౌను కడపలో పండితులకు జీతాలిచ్చి ప్రతులు సేకరింపజేసి, సరిచూపించి, శుద్ధప్రతులు రాయించినందువల్ల ఎన్ని కావ్యాలు నిలిచాయో మనకు తెలుసు. ఒకే పెట్టెలో, ఒకే ఎస్‌ఎంపీఎస్ కింద రెండు డిస్కులు పెట్టి దాన్ని నకలు అనడం, రెండు ప్రతులనూ ఒకే కట్టగా కట్టి ఒకే అటకమీద పెట్టడం లాంటిది. ఆరోగ్యపు అంకెలు చూసుకుంటున్నాం గదా అని ధీమాపడేవారికి కూడా ఒక మాట. 2007లోనే గూగుల్ పరిశోధకులు లక్షకు పైగా డిస్కులను పరిశీలించినప్పుడు, పోయినవాటిలో సగానికి మించి ముఖ్యమైన హెచ్చరిక అంకెలు వేటిలోనూ ఏ సూచనా ఇవ్వకుండానే పోయాయి. వేరే ఇంట్లో, వేరే ఊళ్లో ప్రతి ఉండవలసిందే.

రెండో డిస్కును మాత్రం నేను ఆయన చేతినుంచి లాక్కుని తెచ్చి పొడి డబ్బాలో ఉంచాను. చెన్నైలో పలక మార్చి, పాత పలక మీది చిప్పును కొత్తదానికి అతికి చదివే పనివారున్నారు. వచ్చే నెల తీసుకువెళుతున్నాను. ఈలోగా మీతో పని ఉంది. 2008, 2009 ప్రాంతాల్లో మా మిత్రుడు ఈ పదాల జాబితాలను విడతలు విడతలుగా కొందరు తొలినాటి బ్లాగర్లకు ఉత్తరాల్లో పంపారు. ఎవరెవరికి పంపారో ఆయనకు గుర్తులేదు. వలల పేర్లున్నది ఒకటి, గాలుల పేర్లున్నది ఒకటి తప్పక వెళ్లాయని మాత్రం చెబుతున్నారు. మీ పాత ఉత్తరాల్లో, అటకమీది సీడీల్లో, వాడకం మానేసిన పెట్టెల్లో ఒకసారి వెదకండి. పాత డిస్కును తగిలించే ముందు పసుపు తీగ వోల్టేజి చూసుకోండి.