నేల దాచుకున్న భాస్వరం

దోహా నగరంలోని ఫరీజ్ బిన్ మహమూద్ అపార్టుమెంట్లలో నివసించే తెలుగు కుటుంబాలకు బాల్కనీలోని కుండీలే పెరడు. టమాటా మొక్క గిడసబారి, ఆకుల అడుగుభాగం ఊదారంగుకు తిరిగితే మరొక చెంచా ఎరువు వేయడం పరిపాటి. స్వగ్రామంలోని పొలం విషయంలోనూ ఇదే ధోరణి. పైరు మందగించిందని కబురు రాగానే మరొక బస్తా డి.ఎ.పి.కి డబ్బు పంపుతారు. రెండుచోట్లా కొరత ఎరువుది కాకపోవచ్చు; నేల పట్టు విడవకపోవడమే కారణం కావచ్చు.

భాస్వరం నత్రజని వలె సులభంగా నీటితో కొట్టుకుపోదు. ఖతార్ నేలల్లో సున్నం అధికం. అక్కడ ఫాస్ఫేటు కాల్షియంతో కలిసి క్రమంగా కరగని లవణాలుగా మారుతుంది. సున్నం గల నల్లరేగడిలోనూ జరిగేది ఇంచుమించు ఇదే. తెలుగునాట ఎర్రనేలల్లో ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు ఫాస్ఫేటును తమ ఉపరితలానికి బంధిస్తాయి. ఆమ్లత్వం పెరిగేకొద్దీ ఆ పట్టు బిగుస్తుంది. బంకమన్ను ఎక్కువైతే పట్టు ఎక్కువ, ఇసుక ఎక్కువైతే తక్కువ. ఉదజని సూచిక 6, 7 అంకెల మధ్యనున్న నేలల్లో మొక్కకు భాస్వరం బాగా అందుతుంది.

50 కిలోల డి.ఎ.పి. బస్తాలో మూలకరూపంలో ఉండే భాస్వరం సుమారు 10 కిలోలు. వేసిన ఏడాది పైరు గ్రహించేది సాధారణంగా అందులో నాలుగవ వంతుకు మించదు. మిగిలినదానిలో అధికభాగం నేలలోనే నిలువ ఉంటుంది. ఆ నిలువను విస్మరించి ఏటేటా బస్తాలు కుమ్మరించడం పాతరలో ధాన్యం ఉంచుకొని పొరుగింట అప్పు చేయడమే. పైగా ఫాస్ఫేటు ఎరువుల ముడిపదార్థాలలో అధికభాగాన్ని భారతదేశం దిగుమతి చేసుకొంటున్నది.

పాతర తెరిచే ఉపాయాలు లేకపోలేదు. పశువుల ఎరువు, జీలుగ వంటి పచ్చిరొట్ట కుళ్ళినపుడు వెలువడే సేంద్రియామ్లాలు కొంత ఫాస్ఫేటును విడిపిస్తాయి. భాస్వరాన్ని కరిగించే సూక్ష్మజీవులు కొంత తోడ్పడతాయి. వరిమడిలో నీరు నిలిచినపుడు ఇనుము రూపం మారి, దానితో బంధితమైన భాస్వరం కొంత విడుదలవుతుంది. బాల్కనీ కుండీలోనూ బాగా మాగిన కంపోస్టు కలపడం మేలు.

ఎరువు పూర్తిగా మానాలని కాదు. పరీక్షలో లోటు తేలితే వేయవలసిందే. అదీ పైపైన వెదజల్లక వేరుకు చేరువగా వేయాలి. కాని ఆ లోటు ఎంతో తెలియకుండా వేసే బస్తా ఊహమీద పెట్టే ఖర్చు. కేంద్రప్రభుత్వం 2015లో భూసార కార్డుల పథకాన్ని ప్రారంభించింది. కనుక ఎండలో చెమటోడ్చి సంపాదించిన రియాళ్ళతో పాటు ఊరికి ఒక ప్రశ్న కూడా పంపడం ఉచితం: “మట్టి పరీక్ష చేయించారా?”