మేస్త్రి కూతురికి సుద్దముక్క ఇవ్వండి

హైటెక్ సిటీ చుట్టుపక్కల సర్కారు బడుల్లో లెక్కలు చెబుతాను. మా పిల్లల తల్లిదండ్రులు చాలామంది కోకాపేట, నానక్‌రామ్‌గూడ టవర్ల సైట్లలో కూలీలు, మేస్త్రులు. లేదంటే ఆఫీసుల్లో హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ.

పదో తరగతిలో పైథాగరస్ సిద్ధాంతం మొదలుపెట్టగానే, పాలమూరు నుంచి వచ్చిన ఒక మేస్త్రి కూతురు లేచింది. "సార్, మా నాయిన ఒక గోడ మీద మూడు అడుగులు, ఇంకో గోడ మీద నాలుగు గుర్తు పెట్టి, ఐమూలగా టేపు పడ్తడు. ఐదొస్తే మూల మట్టంగ ఉన్నట్టు." సుద్దముక్క ఆమె చేతికిచ్చి నేను వెనక బెంచీలో కూర్చున్నాను.

క్లాసంతా టేపు పట్టుకుని వరండా మూలకు పోయింది. 5 అడుగుల 1 అంగుళం వచ్చింది. టేపు వదులైందని ఒకడు, గోడే వంకరని ఇంకొకడు. మళ్లీ కొలిచారు, అంతే వచ్చింది. ఐదు దాటితే మూల విప్పారినట్టా, ముడుచుకున్నట్టా? రెండు చీపురు పుల్లల్ని తెరిచి, మూసి చూసి, 90 డిగ్రీలు దాటిందని వాళ్లే తేల్చారు. సిద్ధాంతమూ దాని విపర్యయమూ నేర్చుకోవాల్సిన రోజున వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు.

విద్యార్థి కేంద్రిత బోధన అంటే నా దృష్టిలో ఇదే. కంపెనీలు సీఎస్‌ఆర్ నిధులతో ఇచ్చే ప్రొజెక్టర్లు మంచివే, కానీ తెర మీదా మాట్లాడేది పెద్దవాళ్లే. పిల్లల ఆలోచనను గణితం బాట పట్టించడమే అసలు లక్ష్యమని ఆర్. రామానుజం అధ్యక్షతన ఎన్‌సీఈఆర్‌టీ బృందం 2006లోనే రాసింది. మన పాఠ్యపుస్తకాల్లోనూ 'ఇవి చేయండి', 'ఆలోచించి, చర్చించి రాయండి' అన్న పెట్టెలున్నాయి. వాటిని దాటేసి నేరుగా అభ్యాసం లెక్కలకు పోయే క్లాసులే ఎక్కువ.

ఎందుకంటే వరండా మూలకు రెండు పీరియడ్లు పట్టింది. తనిఖీకి వచ్చినవాళ్లు అడిగేది సిలబస్ ఎంత అయిందని. ప్రైవేటు బడుల్లో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ పరుగు. రోజంతా కోడ్‌లో తప్పు వెతికి పట్టుకోవడమే ఉద్యోగమైన తల్లిదండ్రులు కూడా, పిల్లవాడు తన తప్పు దగ్గర పది నిమిషాలు ఆగితే కంగారు పడుతున్నారు.

విద్యాశాఖను కోరేది రెండే. వారానికి ఒక లెక్కల పీరియడ్‌ను సిలబస్ లెక్కలోంచి తీసేసి పిల్లల ప్రశ్నలకు వదలండి. పరీక్షలో సొంత దారిలో జవాబుకు చేరిన పిల్లకు పూర్తి మార్కులు వేయమని మూల్యాంకన సూచనల్లో స్పష్టంగా రాయండి.