దయ్యమైతే తల్లి, బతికుంటే దొంగ

కాంచన సినిమా చూడని ఊరు మన దగ్గర లేదు. 2011లో వచ్చింది. టాకీసులో చూడనివాళ్ళు టీవీలో చూశారు. మా వాడలో పిల్లలు ఇప్పటికీ అమ్మల చీర చుట్టుకుని, జుట్టు విరబోసినట్టు తల ఊపుతూ కాంచన ఆట ఆడతారు. అందరం నవ్వుతాం. నేనూ నవ్వాను. నవ్వినందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

కథ ఒకసారి గుర్తు చేసుకుందాం. కొడుకుగా పుట్టి ఆడపిల్లలా ఉంటోందని కాంచనను కన్నతండ్రి ఇంట్లోంచి గెంటేశాడు. ఒక ముస్లిం పెద్దాయన చేరదీశాడు. ఆ కాంచన, తనలాగే కన్నవాళ్ళు వద్దన్న ఇంకో పిల్లను తెచ్చుకుంది. పెంచింది. డాక్టరు చదువు చదివించింది. పేదలకు ఆస్పత్రి కట్టాలని భూమి కొన్నది. ఆ భూమి మీద ఒక ఎమ్మెల్యే కన్ను పడింది. నిలదీసినందుకు ఆమెను చంపి, ఆమె భూమిలోనే పాతిపెట్టాడు. ఆమె దయ్యమై వచ్చి పగ తీర్చుకుంది.

భూమి. చదువు. పెద్దమనిషి. శవం. ఈ కథ మనకు కొత్తదా?

ఇప్పుడు ఇంకో సంగతి చూడండి. అదే సినిమాలో ఇంకో తల్లి ఉంది. కోవై సరళ వేసింది. ఎదిగిన కొడుకు దయ్యమంటే భయపడి ఎగిరి చంకనెక్కితే మోస్తుంది. మనం పడీపడీ నవ్వుతాం. కానీ "నువ్వు వీడికేమవుతావు?" అని ఆమెను ఎవరూ అడగరు. కాంచనకు మాత్రం తల్లి అనిపించుకోవడానికి ముందు చావాలి. చచ్చి, దయ్యమై, ఒక మగవాడి ఒంట్లో దూరి, అతని నోటితో తన కథ చెప్పుకోవాలి. అప్పుడు మనం కన్నీళ్ళు పెట్టుకుని చప్పట్లు కొడతాం. లేచి బయటికొచ్చి, బస్టాండులో చేయి చాపిన హిజ్రాను ఛీ పొమ్మంటాం.

ఈ సినిమానే 2020లో హిందీలో తీశారు. సినిమా పేరులో దేవత పేరు ఉందని, అది అవమానమని గొడవ చేస్తే విడుదలకు ముందే పేరు మార్చారు. దేవత పేరుకు అంత పౌరుషం ఉన్నవాళ్ళు, బతికున్న హిజ్రా మనుషుల కోసం ఒక్క నోటీసైనా ఇచ్చారా?

చట్టమే మొదటి దయ్యం కథ రాసింది

హిజ్రా అంటే పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషి అని మనకు ఎవరు చెప్పారు? సినిమావాళ్ళు కాదు. వాళ్ళకంటే చాలా ముందే సర్కారు చెప్పింది.

1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం గురించి మనవాళ్ళకు కొత్తగా చెప్పాలా? ఎరుకలవాళ్ళను అడగండి, స్టూవర్టుపురంవాళ్ళను అడగండి, చెప్తారు. కులం కులాన్నే పుట్టుదొంగలని రాసిన చట్టం అది. అయితే ఆ చట్టంలో రెండో భాగం హిజ్రాల మీద రాశారని మనలో చాలామందికి తెలియదు. పిల్లల్ని ఎత్తుకుపోతారని, అంగం కోస్తారని అనుమానం ఉన్నవాళ్ళ పేర్లు రిజిస్టరులో ఎక్కించమన్నారు. పేరెక్కినవాళ్ళు మైనరు పిల్లలకు సంరక్షకులుగా ఉండకూడదు. కొడుకును దత్తత తీసుకోకూడదు. దానం రాయకూడదు. వీలునామా రాయకూడదు.

మళ్ళీ చదవండి. పిల్లను పెంచుకోవద్దు, ఆస్తి ఇంకొకరికి ఇవ్వొద్దు. కాంచన చేసిన నేరాలు ఈ రెండే గదా! ఒక పిల్లను పెంచింది, ఆ పిల్ల చదువుకు పనికొచ్చేటట్టు భూమి కొన్నది.

తెల్లదొర ఒక్కడే కాదు, మన నైజాం సర్కారూ తక్కువ తినలేదు. ఫసలీ 1329లో, అంటే 1919లో, హైదరాబాద్ రాజ్యంలో అలాంటి చట్టమే తెచ్చారు. ఆడబట్టలతో బజారులో కనబడితే వారంటు లేకుండా పట్టుకుపోవచ్చు. పదహారేళ్ళ లోపు మగపిల్లవాడు హిజ్రా ఇంట్లో ఉంటే అదే నేరం. వాడికి అన్నం పెట్టిందా, విషం పెట్టిందా అని ఎవరూ అడగనక్కరలేదు. నిజాం పోయాడు, చట్టం పోలేదు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా అది పుస్తకంలోనే ఉంది.

పుస్తకంలో ఉన్నది తలకాయల్లో కూడా ఉంటుంది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో పుకారు లేచింది. హైదరాబాద్ చంద్రాయణగుట్టలో అడుక్కోవడానికి వచ్చిన ఒక హిజ్రాను గుంపు కొట్టి చంపింది. సినిమా చంపిందని నేను అనను. కానీ చీకట్లో చీర, బొంగురు గొంతు, ఎర్రబొట్టు కనబడితే భయపడాలని మన పిల్లలకు ఎన్నేళ్ళుగా నేర్పుతున్నాం? భయపడ్డవాడి చేతికి రాయి దొరకడం ఎంతసేపు?

నా తప్పు నేనే చెప్పుకోవాలి

ఆ సినిమా వచ్చాక మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లవాడికి కాంచన అని పేరు పెట్టారు. నడక, చేతులు తిప్పడం ఆడపిల్లలా ఉండేవి. మన వాడ పిల్లవాడే. ఏడుస్తూ నా దగ్గరకొస్తే, "నువ్వు సరిగ్గా నడిస్తే వాళ్ళెందుకంటారు?" అన్నాను. నన్ను చిన్నప్పుడు బడిలో కులం పేరుతో పిలిచినప్పుడు మా సారు కూడా నాకు ఇట్లాంటి మాటే చెప్పాడు. అది నాకు ఆ రోజు గుర్తు రాలేదు. తొమ్మిదిలోకి వచ్చాక పిల్లవాడు బడి మానేశాడు. ఇంట్లోంచీ పోయాడు.

రెండేళ్ళకు ఒక నడివయసు హిజ్రా బడికి వచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు తన దగ్గరే ఉందట. ప్రైవేటుగా పది పరీక్ష రాయిస్తాను, టీసీ ఇవ్వండి అన్నది. హెడ్మాస్టరు తల పైకెత్తకుండా, "నువ్వేమవుతావు?" అన్నాడు.

"అమ్మనవుతా సారూ."

స్టాఫు రూము మొత్తం నవ్వింది. కన్న తండ్రి సంతకం తెమ్మన్నారు. గెంటేసిన తండ్రి సంతకం! నేను ఆ మూల పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. నోరు తెరవలేదు. ఆమె మూడుసార్లు తిరిగింది. నాలుగోసారి రాలేదు. ఆ పిల్ల పది రాసిందో లేదో నాకు తెలియదు.

"వాళ్ళలో మాత్రం పిల్లలతో అడుక్కు తినిపించేవాళ్ళు లేరా?" అని మీరు అడుగుతారు. ఉన్నారు. గురువు చేలా సంపాదన గుంజుకోవడమూ ఉంది. దాచను. మరి కన్నవాళ్ళలో పిల్లల్ని వెట్టికి పెట్టినవాళ్ళు లేరా? వాళ్ళ కోసం తల్లులందరి పేర్లూ పోలీసు రిజిస్టరులో ఎక్కిస్తామా? తప్పు చేసినవాళ్ళను పట్టుకోండి. అన్నం పెట్టినవాళ్ళను ఎందుకు పట్టుకుంటారు?

కాగితం మీద అమ్మ ఎక్కడ?

2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పు ఇచ్చింది. ఎవరు ఆడ, ఎవరు మగ, ఎవరు వేరే అనేది ఎవరికి వాళ్ళే చెప్పుకోవాలన్నది. మంచిదే. ఆ కేసులో కోర్టుకెక్కినవాళ్ళలో ముంబైకి చెందిన గౌరీ సావంత్ ఒకరు. తల్లిని పోగొట్టుకున్న ఒక పాపను ఆమె తెచ్చుకుని పెంచింది. 2017లో విక్స్ కంపెనీ ఆ తల్లీకూతుళ్ళ కథను ప్రకటనగా తీస్తే దేశమంతా కళ్ళు తుడుచుకుంది. అందులో దయ్యం లేదు, పగ లేదు. పిల్లను పెంచిన మనిషి మాత్రం ఉంది. దగ్గు మందు అమ్మేవాడికి కనబడిన తల్లి చట్టం రాసేవాడికి కనబడలేదు.

2019లో చేసిన ట్రాన్స్‌జెండర్ చట్టం చూడండి. కుటుంబమంటే రక్తసంబంధం, పెళ్ళి, చట్టప్రకారం దత్తత అని రాశారు. కన్నవాళ్ళు చూసుకోలేకపోతే కోర్టు పునరావాస కేంద్రానికి పంపాలన్నారు. చేరదీసి పెంచిన అమ్మ పేరు అందులో లేదు. 2023 అక్టోబరులో స్వలింగ జంటల కేసులో, పెళ్ళి కాని జంటలు కలిసి దత్తత తీసుకునే మాట వచ్చినప్పుడు, సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీలలో ముగ్గురు కాదన్నారు.

వాళ్ళ సంగతి సరే, మన సంగతేమిటి? బోనాలనాడు శివసత్తి ఒంటి మీదికి అమ్మవారు వస్తే దొర కూడా చేతులు కట్టుకుని నిలబడతాడు. పూనకం దిగాక ఆ మనిషికి గ్లాసు వేరు. ఈ మోసం మనకంటే బాగా ఎవరికి తెలుసు? తెలిసీ మన వాడలో ఇట్లాంటి పిల్ల పుడితే మనమూ దొరలాగే ప్రవర్తిస్తున్నాం. అంటరానితనం భరించినవాళ్ళం, మనింటి గడప దగ్గరే ఇంకో అంటరానితనం కట్టుకుంటున్నాం.

అందుకే సంఘాలవాళ్ళకు నా మాట. మీ మండలంలో బడి మానేసిన ఇట్లాంటి పిల్లలు ఎందరో లెక్క రాయండి. బడి కాగితంలో, ఆస్పత్రి కాగితంలో తల్లిదండ్రుల గడి పక్కన పెంచినవాళ్ళ గడి పెట్టమని కలెక్టరుకు అర్జీ ఇవ్వండి. అర్జీ కింద మొదటి సంతకం నాది. కన్నవాళ్ళు గెంటేస్తుంటే వాడ పెద్దలు అడ్డం నిలబడండి.

టీవీలో మళ్ళీ కాంచన వస్తుంది. పిల్లలు చూస్తారు, చూడనివ్వండి. కానీ అయిపోయాక వాళ్ళను ఒక్క మాట అడగండి: చంపింది ఎవరు, పెంచింది ఎవరు? దయ్యం ఎవరో పిల్లలే చెప్తారు.